డెన్వర్ నుంచి పాత గనుల ఊళ్లకు ఒక్క రోజు: పెద్దవాళ్లతో, పిల్లలతో ఎలా వెళ్లి రావాలి

అనంతపురంలో మా వీధిలోనే మూడిళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు. వీసా వచ్చిందనగానే వాళ్ల అమ్మానాన్నలు మా ఇంటికొచ్చి ముందు విమానం సంగతి అడుగుతారు, ఆ తర్వాత "అక్కా, అక్కడ చూసేదానికి ఏముంది?" అంటారు. మా కూతురుది కొలరాడోలో డెన్వర్ పక్కనున్న అరోరా. నేనూ మా ఆయనా రెండుసార్లు వెళ్లి ఉండొచ్చాం. డెన్వర్ చుట్టుపక్కలకు పోయేవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. ఒక రోజు పెట్టుకుని ఐడహో స్ప్రింగ్స్, జార్జ్‌టౌన్, సిల్వర్ ప్లూమ్ చూసి రండి. మూడూ కొండల నడుమ, ఒకే ఏటి వెంబడి, ఒకే రోడ్డు మీద ఉన్న పాత గనుల ఊళ్లు. డెన్వర్ నుంచి జార్జ్‌టౌన్‌కు కారులో గంట ప్రయాణం.

దగ్గరే కదా అని ఎప్పుడంటే అప్పుడు పోవద్దు. మొదటిసారి మేమదే చేశాం. విమానం దిగిన రెండో రోజు ఆదివారం వచ్చింది, అల్లుడికి సెలవు, బయల్దేరాం. జార్జ్‌టౌన్‌లో కారు దిగి వంద అడుగులు నడిచామో లేదో మా ఆయన తల పట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. కాసేపటికి వాంతి. ఏ ఊరూ చూడకుండా తిరిగొచ్చాం. కిందికి దిగేకొద్దీ ఆయనకు తేలికైంది, ఇల్లు చేరాక మజ్జిగన్నం తిని పడుకున్నారు. అది కొండ ఎత్తు చేసిన పని అని అప్పుడు మాకెవరికీ తెలీదు.

అందుకే ఈ ప్రయాణానికి లెక్క ఒకటే: కారులో అందరికంటే పెద్దవాళ్ల ఊపిరి ఎంతవరకు ఆడుతుందో అంతవరకే ఆ రోజు. మిగతావన్నీ దాన్ని బట్టే.

అనంతపురంలో ఉండగానే

అంకెలు ఒకసారి చూడండి. అనంతపురం సముద్రమట్టానికి వెయ్యి అడుగుల పైన. కర్నూలు ఇంకొంచెం తక్కువ, కడప అందులో సగం కూడా లేదు. మనకు తెలిసిన హార్సిలీ కొండ 4 వేల పైచిలుకు. డెన్వర్ ఊరే 5,280 అడుగులు. అంటే కూతురింట్లో సోఫాలో కూర్చున్నా మీరు హార్సిలీ కొండ కంటే పైన ఉన్నట్టే. అక్కడి నుంచి ఐడహో స్ప్రింగ్స్ 7,500, జార్జ్‌టౌన్ 8,500, సిల్వర్ ప్లూమ్ 9,100 అడుగులు. సాధారణంగా 8 వేలు దాటాక మనిషికి ఎత్తు తెలుస్తుంది. జార్జ్‌టౌన్‌లో మీరు ఒక్కసారి పీల్చే గాలిలో అందే ఆక్సిజన్, సముద్రమట్టంలో అందేదాంట్లో సుమారు ముప్పావు వంతే.

కాబట్టి టికెట్లు బుక్ చేసుకున్న వారంలోనే మీ డాక్టరు దగ్గరకు వెళ్లి "9 వేల అడుగుల ఎత్తుకు పగలు వెళ్లి సాయంత్రానికి దిగొస్తాం, పోవచ్చా?" అని ఇట్లాగే, అంకెతో సహా అడగండి. "అమెరికా పోతున్నాం" అని మాత్రం చెప్తే ఆయనకు ఈ సంగతి తెలిసే వీలు లేదు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, రక్తహీనత ఉన్నవాళ్లు, స్టెంటు వేయించుకున్నవాళ్లు తప్పకుండా అడగాలి. బీపీకి నీళ్లు ఎక్కువ పోయే మాత్ర వాడేవాళ్లు ఆ రోజు మాత్ర ఏ వేళ వేసుకోవాలో కూడా అడిగి రాయించుకోండి. కొండ ఎత్తుకు ముందుగా వేసుకునే మాత్ర ఒకటి ఉంది కానీ అది డాక్టరు రాసిస్తేనే. పక్కింటివాళ్లు ఇచ్చారని వేసుకోవద్దు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివించుకోండి.

సూట్‌కేసులో ఈ ప్రయాణం కోసం పెట్టుకోవాల్సినవి కొన్నే. ఊలు స్వెటరు, మంకీ క్యాప్, పట్టు జారని బూట్లు. చీరతో వెళ్లే అమ్మలు బూట్లు వేసుకోవడానికి మొహమాటపడతారు. నేనూ మొదట చెప్పులతోనే పోయాను. అక్కడి పాత వీధుల్లో, రైలు మెట్ల దగ్గర, గని సొరంగంలో చెప్పులు పనికిరావు. ఇక్కడే ఒక జత కొని, పదిహేను రోజులు ఇంటి చుట్టూ నడిచి అలవాటు చేసుకుని తీసుకెళ్లండి.

దిగాక కనీసం నాలుగు రోజులు ఆగండి

మొదటి నాలుగైదు రోజులు డెన్వర్‌లోనే ఉండండి. పార్కులో నడవండి, గుడికి వెళ్లండి, నిద్ర సరిచేసుకోండి. నీళ్లు మాత్రం దాహం వేయకపోయినా తాగుతూ ఉండాలి. అక్కడ గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టే తెలీదు, పెదవులు మాత్రం పగులుతాయి.

ఎత్తు సంగతి మీకు వంటింట్లోనే అర్థమవుతుంది. డెన్వర్‌లో నీళ్లు 95 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో పెట్టిన కందిపప్పు గంటైనా గుత్తికి మెదగదు, కుక్కర్ ఉంటే తప్ప. ఇక కారులో కొండెక్కేటప్పుడు మురుకుల ప్యాకెట్ చూడండి, పైకి పోయేకొద్దీ ఉబ్బి బెలూనులా అవుతుంది. మా మనవడికి గాలి ఒత్తిడి పాఠం నేను చెప్పింది ఆ ప్యాకెట్ చూపించే. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, అంత సులువుగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆ నాలుగు రోజుల్లో ఎవరికైనా తలనొప్పి తగ్గకపోతే, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే, ప్రయాణం ఇంకో వారం వెనక్కి జరపండి. ఆ ఊళ్లు నూటఅరవై ఏళ్లుగా అక్కడే ఉన్నాయి.

ఏ రోజు, ఏ వేళ

ఇది ఎక్కువగా అక్కడ ఉంటున్న కొడుకులు, కూతుళ్ల కోసం రాస్తున్నా, కారు నడిపేది మీరే కాబట్టి. డెన్వర్ నుంచి కొండల్లోకి పోయే పెద్ద దారి ఐ-70 హైవే ఒక్కటే. శని, ఆదివారాల్లో ఊరంతా అదే దారి పడుతుంది. పొద్దున ఎక్కేటప్పుడు ఒక జామ్, ఆదివారం మధ్యాహ్నం దిగేటప్పుడు అంతకంటే పెద్దది. గంట దారి మూడు గంటలైతే వెనక సీట్లో షుగరున్న మనిషి పరిస్థితి ఏమిటో ఆలోచించండి. ఒక్క సెలవు పెట్టుకుని మంగళవారమో బుధవారమో వెళ్లండి. బయల్దేరే ముందు కొలరాడో రోడ్ల శాఖవాళ్ల కోట్రిప్ వెబ్‌సైట్‌లో రోడ్డు పనులు, వాతావరణం చూసుకోండి.

నెలల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా మంచిది. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం దాటాక కొండల మీద ఉరుములతో వాన పడుతుంది కాబట్టి ఆరుబయట తిరిగే పనులన్నీ రెండు గంటల లోపు ముగించాలి. సెప్టెంబరు చివర్లో ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు రంగు తిరుగుతాయి. కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. మా రెండో ప్రయాణం అప్పుడే, నన్నడిగితే అదే సరైన కాలం.

పొద్దున ఎనిమిదికి ఇల్లు దాటాలి. జార్జ్‌టౌన్, సిల్వర్ ప్లూమ్ మధ్య నడిచే కొండ రైలుకు టికెట్లు ముందే కొనుక్కోవాలి. చలికాలంలో కొన్ని నెలలు రైలు నడవదు కనుక తేదీ చూసుకునే మిగతా ప్లాన్ వేయండి. పాస్‌పోర్టు, ఐ-94 కాగితం (అమెరికాలో దిగినప్పటి రికార్డు) పెద్దవాళ్ల సంచిలో ఉండాలి. చిన్నపిల్లలకు కారు సీటు ఎటూ తప్పదు.

సద్ది

కొండ మీద హోటళ్లున్నాయి. ఐడహో స్ప్రింగ్స్‌లో బో జోస్ అని 1973 నుంచి ఉన్న పిజ్జా హోటలు ఉంది. దాని మందపాటి అంచుల్ని తేనెలో ముంచుకుని తినడం అక్కడి పద్ధతి, పిల్లలకు బాగా నచ్చుతుంది. అయినా మన పెద్దవాళ్లకు సద్ది కట్టుకునే పోవాలని నా మాట. ఎత్తులో కడుపు నిండా బరువైనవి తింటే ఇబ్బంది. కొంచెం కొంచెం, నాలుగుసార్లు తినాలి.

మేము తీసుకెళ్లినవి చెప్తా. పొద్దున కారులో తినడానికి ఉగ్గాని, బజ్జీలు లేకుండా. మధ్యాహ్నానికి చపాతీలు, చెనిక్కాయల పొడి, పెరుగన్నం. మధ్యమధ్యలో నమలడానికి వేయించిన చెనిక్కాయలు, బెల్లం. ఫ్లాస్కులో అల్లం టీ. ఇవి కాక మనిషికి రెండు లీటర్ల నీళ్లు. టోపీ, చల్ల కళ్లద్దాలు మర్చిపోవద్దు, చలిగా ఉన్నా ఎండ చర్మాన్ని కాలుస్తుంది. మందు తాగే అలవాటున్నవాళ్లు ఆ రోజుకూ, ముందు రాత్రికీ మానేయాలి.

మొదట ఐడహో స్ప్రింగ్స్

మూడింట్లో తక్కువ ఎత్తున్నది ఇదే. ఇక్కడ గంటన్నర, రెండు గంటలు గడిపితే శరీరం కొంత సర్దుకుంటుంది. నేరుగా పైకి పోకుండా ఇక్కడ ఆగమనడానికి అదే ముఖ్యమైన కారణం.

1859 జనవరిలో జార్జ్ జాక్సన్ అనేవాడికి ఈ ఊరి దగ్గర, రెండు ఏర్లు కలిసే చోట బంగారం దొరికింది. నేలంతా గడ్డకట్టి ఉంటే మంట వేసి మెత్తబరిచి, నీళ్లు తాగే ఇనుప కప్పుతోనే మట్టి కడిగి చూశాడట. ఆ కబురుతో ఈ లోయంతా జనం నిండిపోయారు. ఊరి పక్కన కొండకు ఆనుకుని ఎర్రగా మెట్లుమెట్లుగా కనిపించేది ఆర్గో మిల్లు, గని రాయిలోంచి బంగారం తీసిన చోటు. దాని వెనకే సొరంగం. 1893లో మొదలుపెట్టి 1910కి 4 మైళ్లకు పైగా తవ్వి అవతలి సెంట్రల్ సిటీ గనుల కిందికి చేర్చారు. పైగనుల నీళ్లు దీంట్లోంచి బయటికి పోవాలి, రాయి దీంట్లోంచి మిల్లుకు రావాలి. 1943లో లోపల పేలుడు పెట్టినప్పుడు, పాత గనిలో నిలిచిన నీళ్లు ఒక్కసారిగా విరుచుకుపడి నలుగురు చనిపోయారు. దాంతో పని ఆగిపోయింది. ఇది పిల్లలకు చెప్పండి. బంగారం కథ అంటే దొరికినవాళ్ల కథే అనుకుంటారు లేకపోతే.

ఇక్కడ చేయాల్సిన పని ఒకటి: బంగారం గాలించడం. డబ్బు కడితే పళ్లెం, మట్టి ఇచ్చి నేర్పుతారు. అమ్మమ్మను, నానమ్మను పక్కన నిలబెట్టొద్దు, ముందు వాళ్లకే ఇవ్వండి. ఎందుకంటే ఇది బియ్యంలో రాళ్లు గాలించడమే. గిన్నె వాలుగా పట్టుకుని, నీళ్లలో ఊపుతూ, తేలికైనదాన్ని అంచు మీదుగా వదిలేయడం. బరువైనది అడుగున నిలుస్తుంది. బియ్యానికి రాయి బరువు, ఇసుకకు బంగారం బరువు. అదీ ఎంత? ఇసుక కంటే ఏడింతలు. నేర్పే అబ్బాయి పళ్లెం నా చేతికిచ్చి వివరించబోయాడు. నేను నాలుగు ఊపులు ఊపేసరికి మాట్లాడ్డం ఆపి చూస్తూ నిలబడ్డాడు. అడుగున నల్లటి ఇసుక గీతలా మిగిలింది. ఆ గీత చివర ఆవగింజలో సగం కూడా లేని పసుపు పలుకు. మా మనవడు ఊపిరి బిగబట్టి దాన్ని వేలితో అంటించుకున్నాడు.

మాది వజ్రకరూరు పక్క ఊరు. తొలకరి వాన వెలిస్తే మా అమ్మ, చుట్టుపక్కల ఆడవాళ్లు ఎర్రచేలల్లో తలొంచుకుని వజ్రాలకు వెతికేవాళ్లు. ఇప్పటికీ అక్కడా, కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి చేలల్లోనూ వాన పడితే దూరాభారాల నుంచి జనం వచ్చి చెట్ల కింద వంట చేసుకుంటూ వెతుకుతారు. మా రామగిరిలో బంగారు గనులు నడిచిన సంగతి అనంతపురం వాళ్లందరికీ తెలుసు. ఈ కబుర్లు ఆ ఏటి ఒడ్డునే చెప్పించండి. ఇంట్లో అడిగితే మన పెద్దవాళ్లు "ఏముందిలే" అని దాటేస్తారు. చేతిలో పళ్లెం ఉన్నప్పుడు వాళ్లంతట వాళ్లే మొదలుపెడతారు.

ఒక్క జాగ్రత్త. ఈ ఊరి నుంచే మౌంట్ బ్లూ స్కై అనే శిఖరానికి రోడ్డుంది, 14 వేల అడుగులు దాటి కారు పోతుంది. "ఇంత దూరం వచ్చాం కదా" అని పిల్లలు అటు తిప్పుతారు. పెద్దవాళ్లు కారులో ఉంటే వద్దు. జార్జ్‌టౌన్ దగ్గర గ్వానెల్లా కనుమ కూడా అంతే, 11 వేల 600 అడుగుల పైన.

రైలు

జార్జ్‌టౌన్‌లో రైలెక్కితే సిల్వర్ ప్లూమ్ దాకా పోయి తిరిగి వస్తుంది, గంటంబావు పడుతుంది. రెండు ఊళ్ల మధ్య నేరుగా కొలిస్తే రెండు మైళ్లే, కానీ ఎత్తు తేడా 640 అడుగులు. అంత ఏటవాలు ఆవిరి ఇంజను ఎక్కలేదు. అందుకని పట్టాలను చుట్టలు తిప్పి దారిని పొడిగించారు. మన తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల ఆలోచనే ఇది, అయితే రైలు అంత గట్టిగా మలుపు తిరగలేదు కనుక ఒకచోట తన పట్టాల మీదుగానే వంతెన ఎక్కి దాటుతుంది. డెవిల్స్ గేట్ వంతెన అంటారు, 95 అడుగుల ఎత్తు. 1884లో లైను పూర్తయింది. గనులు పడిపోయాక 1939లో విప్పి తుక్కుకు అమ్మేశారు. మొదటిది పూర్తయిన సరిగ్గా వందేళ్లకు, 1984లో మళ్లీ కట్టారు. పట్టాల వెడల్పు 3 అడుగులు, అంటే మన పాత మీటర్ గేజ్ కంటే ఓ పిసరు తక్కువ. గుంతకల్లు, నంద్యాల వైపు మీటర్ గేజ్ రైళ్లలో తిరిగిన తాతలకు ఆ పెట్టెల్ని చూస్తే ప్రాణం లేచొస్తుంది. మా ఆయన వంతెన మీద తల బయటపెట్టి నల్లమలలోని దొరబావి వంతెనను తలచుకున్నారు.

టికెట్ కొనేటప్పుడు రెండు నిర్ణయాలు. ఒకటి, పైకప్పు లేని పెట్టె వద్దు, పెద్దవాళ్లకు మూసిన పెట్టె తీసుకోండి. పిల్లలతో ఒకరు కావాలంటే తెరిచిన పెట్టెలో కూర్చోవచ్చు. రెండు, దారి మధ్యలో లెబనాన్ వెండి గని చూపిస్తారు, దానికి వేరే టికెట్. లోపల ఎండాకాలంలోనూ 7 డిగ్రీల చలి, నేల తడి, తల వంచి నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రైల్లోనే తిరిగొచ్చేయాలి. పోనివాళ్లకు తోడుగా ఒకరు ఉండాలి, ఆ సంగతి ఇంట్లోనే తేల్చుకోండి. స్టేషన్లో తేల్చుకోబోతే పెద్దవాళ్లు "మీ కోసం" అని లోపలికి వచ్చేస్తారు.

రైలు కంటే ముందే సగం తినండి, దిగాక సగం.

జార్జ్‌టౌన్ వీధుల్లో

ఊరు చిన్నది. సిక్స్త్ స్ట్రీట్ అనే ఒక్క వీధిలో మెల్లగా నడిస్తే చాలు. పిల్లల బామ్మతాతల చేయి పట్టుకుని నడిపించండి, బెంచీ కనిపించిన ప్రతిచోటా కూర్చోండి.

1864లో ఇక్కడ వెండి బయటపడింది. అప్పటి గనుల ఊళ్లన్నీ చెక్క ఇళ్లే, ఏదో ఒకనాడు కాలి బూడిదయ్యేవి. సిల్వర్ ప్లూమ్ 1884లో కాలింది. జార్జ్‌టౌన్ మాత్రం పెద్ద అగ్నిప్రమాదం చూడలేదు. ఊరివాళ్లే దళాలు కట్టి, నీళ్ల గొట్టాలు వేయించుకుని, వంతులవారీగా కాపలా కాశారు. ఈరోజు మీరు చూసే నూటయాభై ఏళ్లనాటి చెక్క కిటికీలు, చెక్కిన చూర్లు నిలిచింది వాళ్ల వల్లే. ఆ దళాల కట్టడాలు ఇంకా ఉన్నాయి, అడిగి చూడండి.

హోటల్ డి ప్యారిస్ ఇప్పుడు మ్యూజియం. లూయీ డుప్వీ అనే ఫ్రెంచివాడు గనిలో పేలుడుకు గాయపడి ఇక పలుగు పట్టలేక 1875లో పెట్టిన హోటలది. మెట్లున్నాయి కాబట్టి ఓపిక చూసుకోండి.

ఇక మా మనవడికి నేను ఆ వీధిలో బెంచీ మీద కూర్చుని చెప్పిన కథ, మీరూ చెప్పండి. ఈ ఊళ్లు 1893లో ఎందుకు పడిపోయాయి? కారణాల్లో ఒకటి మన దేశంలో ఉంది. అప్పటిదాకా మన దేశంలో ఎవరైనా వెండి తీసుకెళ్లి టంకశాలలో ఇస్తే రూపాయలు కొట్టి ఇచ్చేవారు. ప్రపంచంలో వెండి కొనేవాళ్లలో మనం పెద్ద చేయి. ఆ ఏడు జూన్‌లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ పద్ధతిని ఆపేసింది. ఆ తంతి వార్త అందిన కొద్ది రోజుల్లోనే వెండి ధర కూలిపోయి కొలరాడోలో గనులు వరసగా మూతపడ్డాయి. నవంబరుకు అమెరికా ప్రభుత్వం కూడా తను వెండి కొనే చట్టాన్ని రద్దు చేసుకుంది. నా కాళ్ల పట్టీలు చూపించి ఇది చెప్తే వాడు పట్టీలనూ, ఎదురుగా ఉన్న కొండనూ మార్చి మార్చి చూశాడు.

నడుస్తున్నప్పుడు పెద్దవాళ్ల మాట గమనిస్తూ ఉండండి. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, అకారణంగా చిరాకు, ఏదైనా మొదలైతే ఆగి కూర్చోబెట్టి నీళ్లివ్వండి. తగ్గకపోతే కారెక్కి కిందికి దిగడమే మందు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మాట తడబడినా, నడక తూలినా వెంటనే అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలి. మన అమ్మానాన్నలు తమంతట తాము చెప్పరు. "ఏం లేదులే" అనే మాటనే లక్షణంగా తీసుకోండి.

దిగేటప్పుడు

ఊరు దాటగానే చెరువు దగ్గర, రోడ్డుకు అవతలి కొండవాలు మీద కొమ్ములు చుట్ట తిరిగిన కొండ గొర్రెలు కనిపిస్తాయి. వాటిని చూసేందుకు ఆగే చోటు కట్టారు. హైవే పక్కన ఎక్కడంటే అక్కడ ఆపొద్దు. మా అత్తగారింట్లో గొర్రెల మందలు ఉండేవి. మా ఆయన ఆ వాలు మీద మేం చూడనివి పదకొండు లెక్కపెట్టారు, రాళ్ల రంగులోనే ఉన్నవాటిని కూడా. పొట్టేలు ఏదో, ఈనేది ఏదో మనవడికి చెప్తూ అరగంట నిలబడ్డారు. పోయినసారి తల పట్టుకుని కూర్చున్న బెంచీ అక్కడికి మైలు దూరంలోనే.

నాలుగు లోపే తిరుగు దారి పట్టండి. వాలు దారిలో చిన్న గేరు మీద దిగండి, బ్రేకు ఊరికే తొక్కితే వేడెక్కుతుంది. వెనకవాళ్లకు చెవులు మూసుకుంటాయి, చప్పరించడానికి బెల్లం ముక్క ఇవ్వండి. పొద్దున పోయేముందే పప్పు నానబెట్టి కుక్కర్ సిద్ధం చేసి పోతే రాత్రి అరగంటలో చారన్నం. మర్నాడు ఏ పనీ పెట్టుకోవద్దు.